ఆయన తీగ లేని టీవీ

4, మంగళవారం

టీవీ వచ్చింది. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి గోడకు బిగించి, అట్టపెట్టె నాకే వదిలేసి పోయారు. ముందుగదిలో సగం గోడ అదే ఆక్రమించింది. ఒక కుర్చీ, ఒక చాప, ఇంత టీవీ. చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

బిగించినతను "కనెక్షన్ ఎవరిదమ్మా?" అన్నాడు. ఎవరిదీ కాదన్నాను. "అయితే చూపించడానికేం లేదు" అంటూ టీవీ లోపలే ఉన్న బొమ్మలు వేశాడు. చేపలు, మంచుకొండలు, పువ్వు మీద తేనెటీగ. తేనెటీగ కాలికి అంటిన పుప్పొడి కూడా కనిపించింది. హై డెఫినిషన్ అంటే ఇదన్నమాట. కేబుల్ నడిపే మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి, తేనెటీగ కాళ్ళకు వెంట్రుకలుంటాయని ఇవాళ తెలుసుకున్నాను.

కొరియర్ ఆఫీసు జీతంతో కొన్నాను. ఎవర్నీ అడగలేదు. వార్తల కోసం కొన్నాను.

5, బుధవారం

కింద వాటాలో ఉండే ఇంటావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "ఇంత పెద్దది నీ ఒక్కదానికా?" అంది. అవునన్నాను. తన టీవీ కంటే పెద్దదేమోనని అనుమానం వచ్చి గోడ మీద జానలేసి కొలిచింది. నాదే పెద్దది. మొహం మాడ్చుకుంది.

"ఊరికే బోసిగా పెట్టుకున్నావేం? కేబులాయనకి ఒక మాట చెప్తే వైరు లాగిస్తాడు. ఆయన పెట్టె మన డాబా మీదే కదా ఉంది."

ఆ పెట్టె సంగతి నాకు చెప్తోంది! డాబా మీద సిగ్నల్ పెంచే ఆ ఆంప్లిఫయర్ పెట్టుకోనిస్తే ఆవిడకి కనెక్షన్ ఊరికే. ఆ ఏర్పాటు కుదిర్చిందే నేను. అప్పట్లో నన్ను "కేబులమ్మగారూ" అని పిలిచేది. ఇప్పుడు "పైవాటా ఆమె" అంటోంది. పైన ఉన్నాను కాబట్టి సరిపోయింది.

వద్దన్నాను.

"మొగుడూ పెళ్ళాల గొడవ టీవీ మీద చూపిస్తావేంటే?"

"టీవీ మీదే మొదలైంది కదండీ పిన్నిగారూ" అన్నాను. ఆవిడ తేనెటీగని రెండుసార్లు చూసి వెళ్ళిపోయింది.

7, శుక్రవారం

ఈ వీధిలో ఆయన తీగ కాకుండా టీవీకి ఇంకేం పెట్టుకోవచ్చో వెతుకుతున్నాను. ఎన్నో ఉన్నాయి అంటారు. ఎవరి దగ్గరికి వెళ్ళినా చేతిలో రంగురంగుల కాగితం పెడతారు.

డిష్ అతను పొద్దున వచ్చాడు. బాల్కనీలో నిలబడి దిక్సూచి అటూ ఇటూ తిప్పాడు. "ఆకాశం కనపడాలమ్మా, ఆ వైపు" అని చెయ్యి చూపించాడు. ఆ వైపు ఎదురు మేడ నిలువెత్తున ఉంది. డాబా మీదైతే కుదురుతుందన్నాడు. ఇంటావిడ ససేమిరా అంది. "డాబాకి చిల్లులు పెడితే వానొస్తే నా నెత్తిన కారుతుంది" అంది. ఆయన పెట్టెకి పెట్టిన చిల్లులు మాత్రం కారవు.

నెట్ కంపెనీకి ఫోన్ చేశాను. నెట్ ఉంటే సినిమాలూ ఆటలూ అన్నీ టీవీలోనే వస్తాయట, వెనక చిన్న పెట్టె తగిలిస్తే చాలట. అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. వీధి పేరు చెప్పాను. "మీ ఏరియాలో మా లైను లోకల్ పార్ట్‌నర్ ద్వారా వస్తుంది మేడమ్, వాళ్ళ నంబరు రాసుకోండి" అంది. మొదటి నాలుగు అంకెలకే నా చెయ్యి ఆగిపోయింది. మిగతావి నేనే చెప్పేశాను. "మీకు ఆల్రెడీ తెలుసా మేడమ్?" అంది సంతోషంగా.

తెలియకేం? ఆ ఫోన్ పక్కన కూర్చునే కదా నా వయసంతా అయిపోయింది. "హలో కేబుల్, ఏ ఇల్లు, ఏం రావట్లేదు?" నిద్రలో లేపినా అదే అనేదాన్ని.

ఊరికే ఒకసారి చేసి చూశాను. చాలాసేపు మోగింది. ఇన్నిసార్లు మోగనిస్తే జనం ఊరుకుంటారా? చివరికి ఆయనే ఎత్తారు. "హలో కేబుల్" అన్నారు, నా మాటల్నే అరువు తెచ్చుకున్నట్టు. పెట్టేశాను.

గొంతు జలుబు చేసినట్టుంది. నాకెందుకు?

9, ఆదివారం

తమ్ముడొచ్చాడు. చంకలో పెట్టె. చాప మీద కూర్చుని, మెల్లగా పెట్టెని నా వైపు జరిపాడు.

"బావ పంపాడక్కా. కొత్త హెచ్‌డీ బాక్స్. అన్ని ఛానళ్ళూ వస్తాయట. నువ్వు అవుననడమే తరువాయి, రేపు వైరు వేయిస్తానన్నాడు."

"హెచ్‌డీ బాక్స్ పెట్టి మీ బావ పాత సిగ్నలే పంపుతాడురా. ఇంటావిడ టీవీలో చూడు, వార్తలు చదివేవాళ్ళందరికీ గవదబిళ్ళలు వచ్చినట్టుంటుంది. ఆవిడ అదే హెచ్‌డీ అనుకుంటోంది."

"నీకు మాత్రం మంచి సిగ్నలే ఇస్తాడులే."

"నాకొద్దు."

"అక్కా, ఎన్నాళ్ళిలా? పోనీ దూరంగా ఎక్కడైనా ఇల్లు తీసుకున్నావా అంటే, అదే వీధిలో, ఆయన కంట్రోల్ రూముకి ఎదురుగా! జనం ఏమనుకుంటారు?"

నేనెందుకు వీధి వదలాలి? తప్పు చేసింది నేనా? బాల్కనీలోంచి, వీధంతటికీ ఛానళ్ళు పంపే ఆ కంట్రోల్ రూము తలుపు కనిపిస్తుంది, నిజమే. దానికోసం తీసుకోలేదు ఈ ఇల్లు. గాలి బాగా వస్తుందని తీసుకున్నాను.

వాడు ఇంకో మాట అన్నాడు. అది వినగానే నా ఒళ్ళు మండింది. "చిన్న విషయానికి" అన్నాడు.

చిన్న విషయం. రాసి పెడతాను, మళ్ళీ ఎవరైనా ఆ మాట అంటే చదివి వినిపించడానికి. నా కూతురు చిట్టి బరువులెత్తుతుంది. అందరూ ఆశ్చర్యపోయేంత బరువు. చిన్నప్పుడు పిడికెడంత ఉండేది, అందుకే చిట్టి. మొదటిసారి జోనల్ పోటీలకి వెళ్ళింది, ప్రభుత్వ ఛానల్లో చూపించారు. వీధిలోవాళ్ళంతా చూస్తామని ముందురోజే నాతో చెప్పారు. సరిగ్గా దాని వంతు వచ్చే ముందు ఆ ఛానల్ పోయింది. పోయి, ఆ చోట ఏదో పాత సినిమా వచ్చింది. ఫోన్లే ఫోన్లు. నేను ఆ ఫోన్ పక్కన కూర్చుని ప్రతి ఇంటికీ చెప్పాను: "సిగ్నల్ లేదండీ, వాతావరణం బాగాలేదు." చిట్టి ఫోన్ చేస్తే దానికీ అదే చెప్పాను. నిజమేననుకున్నాను. మర్నాడు కంట్రోల్ రూము ఊడవడానికి వెళ్తే, ఆ ఛానల్ తీగ పీకి, చక్కగా చుట్టి, మేకుకి తగిలించి ఉంది. గాలివాన తీగని చుట్ట చుట్టి మేకుకి తగిలిస్తుందా?

ఆయన్ని నిలదీశాను. అప్పుడన్నారు: "టీ కొట్టు దగ్గర అందరూ నవ్వుతున్నారు. కేబులాయన కూతురు మూటలెత్తడం నేర్చుకుంటోందట, అత్తారింట్లో గ్యాస్ బండలు మోయడానికి పనికొస్తుందట అని. ఆ బిగుతు బట్టల్లో దాన్ని వీధంతా చూడాలా?"

అలా చూడకూడదనుకున్నవాడు తన కళ్ళు మూసుకోవాలి. ఊరందరి కళ్ళూ ఎందుకు మూశారు? పైగా అబద్ధం నా నోటితో చెప్పించారు.

ఆ సాయంత్రమే వచ్చేశాను. బట్టలూ, నా క్రింపరూ తెచ్చుకున్నాను. తీగ చివర కనెక్టర్ బిగించే ఆ పనిముట్టు ఆ ఇంట్లో అందరికంటే నా చేతిలోనే బాగా పనిచేసేది.

బాక్స్ తిరిగి తమ్ముడి చంకలోనే పెట్టాను. గుమ్మం దగ్గర "మరి టీవీ దేనికి కొన్నట్టు?" అన్నాడు.

"వార్తలకి" అన్నాను.

11, మంగళవారం

చిట్టి క్యాంపు నుంచి ఫోన్ చేసింది. జాతీయ పోటీల జట్టులో ఉందట. ఇరవై రెండో తారీఖు, శనివారం మధ్యాహ్నం, అదే ప్రభుత్వ ఛానల్లో చూపిస్తారట. "అమ్మా, ఈసారైనా వాతావరణం బాగుంటుందా?" అని నవ్వింది. దానికి నేను ఇంకా ఏమీ చెప్పలేదు. దానికి తెలుసు. నా దగ్గర తెలియనట్టు ఉంటోంది, నేను బాధపడతానని.

సరే. దానికోసమే కొన్నాను టీవీ. జాతీయ పోటీలకి వెళ్తుందని కోచ్ మేడమ్ నెల కిందటే అన్నప్పుడే అనుకున్నాను. వార్తల కోసమని పైన రాసినదంతా కొట్టెయ్యాలి. వద్దులే, ఉండనీ. వార్తలు కూడా చూస్తాను.

ఒకటి మాత్రం ఖాయం. చిట్టిని చూస్తాను. ఆయన తీగలోంచి చూడను.

12, బుధవారం

ఎందుకు తట్టలేదో ఇన్నాళ్ళూ! ప్రభుత్వ ఛానల్ గాల్లోనే వస్తుంది. పైసా అక్కర్లేదు, ఎవడి దయా అక్కర్లేదు. యాంటెనా ఒకటి పెట్టుకుంటే ఊరవతలి టవర్ నుంచి నేరుగా నా టీవీలోకి వస్తుంది, అదీ హెచ్‌డీలో. మా ఇంట్లో యాంటెనా అంటే బూతుమాటతో సమానం. యాంటెనాలు పీకించి కదా మేం కేబుల్ ఇచ్చింది. అందుకే తట్టి ఉండదు.

ఎలక్ట్రికల్ కొట్టులో అడిగితే కొట్టాయన కళ్ళజోడు తీసి చూశాడు. "యాంటెనానా? కాకులు వాలడానికా అమ్మా?" అన్నాడు. "అవును, నాలుగు కాకులున్నాయి మా ఇంట్లో, కూర్చోడానికి చోటు లేదు" అన్నాను. నవ్వి, అటక మీంచి దుమ్ము దులిపి ఒకటి తీశాడు. తీగ కూడా మంచిదిచ్చాడు. కనెక్టర్లు బిగించి ఇమ్మంటారా అన్నాడు. నాకు వచ్చన్నాను.

13, గురువారం

డాబా వద్దంది. మెట్ల గోడ వద్దంది. మొక్కల పక్కన వద్దంది. "ఆయనకి తెలిస్తే నా కనెక్షన్ తీసేస్తే?" అని అసలు మాట చివరికి బయటపెట్టింది.

బాల్కనీ నా వాటాలోది. నా బట్టలారేసుకునే కర్ర నాది. దాన్నే నిలబెట్టి, ఇనప కమ్మీకి గుడ్డపీలికలతో కట్టి, పైన యాంటెనా బిగించాను. ఇక బట్టలు కుర్చీ మీద ఆరతాయి.

కింద నుంచి చూసి ఇంటావిడ "దిష్టిబొమ్మలా ఉంది" అంది. దిష్టి తగలకుండా ఉంటే మంచిదేగా.

కంట్రోల్ రూము తలుపు దగ్గర నిలబడి ఆయన కూడా చూశారు. చాలాసేపు. నేను కావాలనే, మేకులేం లేకపోయినా, కమ్మీ మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టాను.

15, శనివారం

ఒక్క ఛానలూ రావట్లేదు.

ఆఫీసు నుంచి వచ్చి అదే పని. తూర్పుకి తిప్పాను, ఉత్తరానికి తిప్పాను. కనెక్టర్ కోసి మళ్ళీ బిగించాను. టీవీ వెతుకుతూ వెతుకుతూ చివరికి "ఏమీ దొరకలేదు" అంటోంది. ఎంత మర్యాదగా అంటుందో, నెట్ కంపెనీ అమ్మాయిలాగా.

16, ఆదివారం

రాలేదు. ఇంకా ఎత్తుగా కట్టాను. రాలేదు. ఎదురుమేడ అడ్డమేమో. టవరే చచ్చిందేమో. కొట్టాయన ఇచ్చిన యాంటెనా నిజంగానే కాకులదేమో.

ఇంటావిడ కింద నుంచి టీవీ సౌండు పెంచింది. కావాలనే. ఆయన ఛానళ్ళన్నీ గంతులేస్తున్నాయి.

ఏడుపొచ్చింది. ఏడిచాను కూడా. నా ఇంట్లో నేను ఏడిస్తే అడిగేదెవరు? మొహం కడుక్కుని మళ్ళీ తిప్పాను.

17, సోమవారం

రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా రాస్తాను.

చిట్టి ఫోన్ చేసింది. రేపట్నుంచి ఫోన్లు కోచ్ మేడమ్ దగ్గర పెట్టేస్తారట, పోటీ అయ్యేదాకా ఇవ్వరట. నా గొంతు వినగానే "ఏమైందమ్మా?" అంది. యాంటెనా కష్టమంతా చెప్పాను. అసలు ఎందుకు కొన్నానో కూడా చెప్పాల్సి వచ్చింది, మేకుకి తగిలించిన తీగ సంగతి కూడా. అంతా వింది. తర్వాత ఒకటే అడిగింది.

"అమ్మా, ఛానళ్ళు వెతకమన్నప్పుడు టీవీ, కేబులా యాంటెనానా అని అడుగుతుంది. ఏది నొక్కావు?"

"కేబులే."

"కేబులా!"

"ఓసి నా మొహం!"

అవతల అది విరగబడి నవ్వుతోంది. నేనూ నవ్వాను, ఆపుకోలేక చాప మీద కూలబడ్డాను. ఆయన మీద కోపంతో ఇల్లు వదిలి, జీతమంతా పెట్టి టీవీ కొని, కర్రకట్టి, యాంటెనా ఎక్కించి, టీవీ "నీకేం కావాలి?" అని అడిగితే నా వేలు దానంతటదే వెళ్ళి కేబుల్ అని నొక్కింది. ఇన్నేళ్ళ అలవాటు! కేబుల్ సిగ్నల్ కోసం అది వెతుక్కుంటోంది పాపం, లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది? యాంటెనాని తిట్టాను, టవర్‌ని తిట్టాను, పెద్దమనిషి కొట్టాయన్ని తిట్టాను.

చిట్టి ఫోన్లో ఉండగానే మార్చాను. వెతికింది. ఒకటి దొరికింది. రెండు. ఇంకా.

ప్రభుత్వ ఛానల్లో ఎవరో పెద్దాయన టమాటా తెగుళ్ళ గురించి చెప్తున్నాడు. ఆకు మీద పురుగు నడుస్తుంటే దాని నీడ కనిపించింది. అంత అందమైన కార్యక్రమం నా జన్మలో చూడలేదు.

"వచ్చిందా?" అంది చిట్టి.

"వచ్చింది."

"అయితే ఎత్తేస్తాలే" అంది. పెట్టేసింది.

18, మంగళవారం

ఇంటావిడ "రెండు నిమిషాలు" అని వచ్చి, వార్తలన్నీ అయ్యేదాకా కదల్లేదు.

"ఈ అమ్మాయి ఇంత సన్నగా ఉంటుందా? మా టీవీలో మద్దెలలా ఉంటుందే!"

"మీ టీవీలో అందర్నీ పక్కలకి సాగదీస్తారు పిన్నిగారూ. మీది హెచ్‌డీ టీవీయే. వచ్చే బొమ్మే కాదు."

"అంటే ఇన్నాళ్ళూ నేను సాగిన మొహాలు చూస్తూ బతికానా?" అంది. నిజంగానే బాధపడింది. వెళ్తూ వెళ్తూ కర్రకి గుడ్డపీలిక వదులైందేమోనని లాగి చూసింది. గాలొస్తే పడిపోతుందేమో, ఇనప తీగ పంపిస్తానంది.

19, బుధవారం

ఆయన వచ్చారు.

ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల కింద నిలబడి ఉన్నారు. చొక్కా ఇస్త్రీ లేదు. నాకెందుకు? పైకి పిలవలేదు. మెట్ల మీదే, నేను నాలుగు మెట్లు పైన, ఆయన కింద.

"కనెక్టర్ బాగా బిగించావు" అన్నారు యాంటెనా వైపు చూస్తూ.

"నేర్పింది మీరే."

"శనివారం చిట్టి వంతు కదా. ఇంటికి రా. ఇద్దరం కలిసి చూద్దాం."

"వీధిలోవాళ్ళో?"

ఆయన కాలితో మెట్టు మీది మట్టి తోశారు.

"ఆ రోజు ఎన్ని ఇళ్ళకి నాతో అబద్ధం చెప్పించారు? ఆ ఇళ్ళన్నీ చూడాలి. మీరు చూసినా చూడకపోయినా నాకు పర్వాలేదు. వాళ్ళు చూడాలి."

"జనం నోరు నీకు తెలియదు."

"నాకు తెలియదా? వాళ్ళ ఫోన్లన్నీ ఎత్తింది నేను. రానిదానికి తిట్టారుగానీ, వచ్చినదానికి ఒక్కరూ తిట్టలేదు. అయినా అననీండి. మోసేది అది. సిగ్గుపడేది మీరా?"

ఆయన మొహం ఎర్రబడింది. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "వేస్తే వస్తావా?" అన్నారు.

"అది బేరం కాదు. మీ కూతురు కాబట్టి వెయ్యాలి. నేను వస్తానని కాదు."

పైకి వచ్చేశాను. తలుపు వేసుకున్నాను. వేస్తానని అనలేదు. వెయ్యనని కూడా అనలేదు. ఆ మనిషి ఎప్పుడూ అంతే.

20, గురువారం

కంట్రోల్ రూము తలుపు రోజంతా మూసే ఉంది. చూడలేదు. ఇంటావిడ చెప్పింది.

22, శనివారం

ఆగలేక రాస్తున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా రానీ.

మధ్యాహ్నానికే ఇంటావిడ వచ్చింది, తమ్ముడు వచ్చాడు, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. "మీ ఇళ్ళల్లో కేబుల్ ఉందిగా?" అని నేనంటే "మీ ఆయన మళ్ళీ పీకేస్తే?" అన్నారు మొహం మీదే. వీధికంతా తెలిసిపోయిందన్నమాట. తమ్ముడు తల దించుకున్నాడు. ఒక్క కుర్చీ ఇంటావిడకిచ్చి మేమంతా చాప మీద కూర్చున్నాం. బాల్కనీలోంచి వచ్చే గాలికి టీవీ వెనక తీగ ఊగి బొమ్మ ముక్కలవుతోందని తలుపు వేసేశాను.

చిట్టి వచ్చింది. నీలం బట్టలు, బిగుతుగానే ఉన్నాయి. అందులో అది ఎలా ఉందో రాయనా? రాయిలా ఉంది. గర్వంగా ఉంది నాకు. పక్కింటావిడ "అబ్బ, ఏం భుజాలు!" అంది. టీ కొట్టు దగ్గరి మాట కాదది.

మొదట ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం. రెండో ప్రయత్నంలో ఎత్తింది. తర్వాత రెండు దశల్లో, ముందు భుజాల మీదికి, అక్కణ్ణుంచి పైకి. దీనికి మూడు అవకాశాలు. ఒక్కదాంట్లోనూ ఎత్తకపోతే ముందు ఎత్తింది కూడా లెక్కలోకి రాదు. పేరే ఉండదు.

మొదటిది వెనక్కి పడేసింది. రెండోది పైకి వెళ్ళింది, మోచెయ్యి వణికింది, చెల్లదని ఎర్ర లైట్లు వెలిగాయి. ఇంటావిడ "నేను చూడలేనమ్మా" అని లేచి, బాల్కనీ తలుపు తోసుకుని బయటికి వెళ్ళి, చెవులు మూసుకుని నిలబడింది.

మూడోసారి. అరచేతులకి పొడి రాసుకుంది. ఇంత దగ్గరగా దాని చేతులు ఎప్పుడు చూశాను? బొటనవేలికి కట్టు, అరచేతుల నిండా కాయలు, ఒకచోట చర్మం లేచి రక్తం కనిపిస్తోంది. ఇంటికొచ్చినప్పుడు చేతులు దాచుకునేది, ఇందుకన్నమాట. మెడ మీద చెమట చుక్కలు లెక్కపెట్టొచ్చు. వంగి కడ్డీ పట్టుకునే ముందు పెదాలు కదిలాయి. ఏమందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

లేపింది. భుజాల మీదికి. లేచి నిలబడింది. ఊపిరి తీసుకుంది. పైకి. కాళ్ళు ఒకటి ముందు ఒకటి వెనక. మోచేతులు బిగిశాయి. కదల్లేదు. కదల్లేదు. కాళ్ళు దగ్గరికి తెచ్చుకుంది. మూడు లైట్లూ తెల్లవి.

అరిచాను. నా గొంతు అంతుందని నాకే తెలియదు. తమ్ముడు నన్ను పట్టుకుని ఏడుస్తున్నాడు. ఇంటావిడ అదిరిపడి "పడేసిందా?" అంది. "లేపింది! లేపింది!" అని బాల్కనీలోకి పరిగెత్తాను.

వీధి చచ్చినట్టుంది. ఒక్క ఇంట్లోనూ చప్పుడు లేదు. కిటికీల వెనక టీవీలన్నీ వెలుగుతూనే ఉన్నాయి, మనుషులు మాత్రం కిక్కురుమనడం లేదు. అయితే మళ్ళీ పీకేశారన్నమాట. మళ్ళీ ఏదో పాత సినిమా వేశారన్నమాట. నా సంతోషమంతా మంటలా మారింది. కంట్రోల్ రూముకి వెళ్ళి ఏం చెయ్యాలో కూడా అనుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా దిగబోయాను.

అప్పుడు అరిచింది వీధి. ఎదురుమేడ నుంచి, పక్కింటి నుంచి, చివరి ఇంటి నుంచి, అన్ని కిటికీల్లోంచి ఒక్కసారే అరుపు. ఈలలు, చప్పట్లు, ఎవరో గిన్నె మోగించారు.

మెట్ల మీదే కూర్చుండిపోయాను. కేబుల్ మీద బొమ్మ ఎప్పుడూ ఆలస్యమే. ఉపగ్రహం దాకా వెళ్ళి, దిగి, కంట్రోల్ రూములో తిరిగి, అప్పుడు ఇంటింటికీ వెళ్తుంది. యాంటెనాకి ఆ తిరుగుళ్ళు లేవు. నేను లేపింది అని అరుస్తున్నప్పుడు వాళ్ళ టీవీల్లో చిట్టి ఇంకా కడ్డీ పట్టుకుని ఉంది. ఆయన పీకలేదు. చివరిదాకా ఉంచారు.

చిట్టికి పతకం రాలేదు. నాలుగో స్థానం. పేరు ఉంది, పట్టికలో, హెచ్‌డీలో.

అందరూ వెళ్ళాక ఫోన్ మోగింది. ఆయన.

"నీ అరుపు వినిపించింది" అన్నారు. ఆ గొంతు జలుబుది కాదు. "అప్పటికి ఇక్కడ నా టీవీలో అది ఇంకా వంగి ఉంది. లేపుతుందని తెలిసిపోయింది. తెలిసి కూడా చూడలేకపోయాను. ఆ చేతులు... ఆ చేతులు ఎప్పుడలా అయ్యాయి?"

"మీరు చూడనప్పుడు" అన్నాను.

చాలాసేపు ఏడ్చారు. పెట్టెయ్యలేదు నేను. ఓదార్చనూ లేదు.

"ఎప్పుడొస్తుంది?" అన్నారు.

"రేపు. ఇక్కడికే వస్తుంది."

"నేను రావచ్చా?"

"రండి. దాని ముందు నిలబడి, ఆ రోజు సిగ్నల్ పోలేదు, నేనే పీకాను అని మీ నోటితో మీరే చెప్పండి. ఈసారి నేను చెప్పను."

"చెప్తాను" అన్నారు. మళ్ళీ, "మరి నువ్వు?" అన్నారు.

"నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. "ఇది నా ఇల్లు. తలుపు కొట్టండి, తీస్తాను."